క్యాంటీన్ తెర మీద ఆఫ్రికా

యాభై అయిదేళ్లు నిండాయని ఫ్యాక్టరీ వాళ్లు నాకు శాలువా కప్పి, చేతిలో గోడగడియారం పెట్టి పంపించారు. ఇక టైముతో పనిలేని మనిషికి గడియారం ఎందుకని ఎవరికీ తోచలేదు. గేటు దాటగానే ఏడుపొస్తుందని తోటివాళ్లు ముందే భయపెట్టారు. నాకైతే రాలేదు. పప్పులో నీళ్లెక్కువయ్యాయని రేపట్నుంచి ఎవరూ గిన్నె పట్టుకుని నా బల్ల ముందు నిలబడరు కదా అని ప్రాణం హాయిగా ఉంది.

జీడిమెట్లలో కొత్త షెడ్లు లేస్తున్నాయి. వాటిలో వెల్ఫేర్ ఆఫీసర్లుగా చేరబోతున్న అమ్మాయిలు కొందరు మా ఇంటికొచ్చి "ఉద్యోగం ఎలా ఉంటుంది మేడమ్?" అని అడిగారు. చట్టం పుస్తకంలో ఉంది, చదువుకోండని పంపేశాను. వాళ్లు మెట్లు దిగాక నాకే తప్పనిపించింది. పుస్తకంలో క్యాంటీన్ ఉంటుంది, మరుగుదొడ్లు ఉంటాయి, తల్లులు పిల్లల్ని వదిలే గది ఉంటుంది. సినిమా ఉండదు. నా ఉద్యోగంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ వణికించింది సినిమానే. చివరికి గుండెల మీద బరువు దింపిందీ అదే. అందుకని ప్రమోషన్ల సంగతి వదిలేసి ఆ ముక్కే రాస్తున్నాను.

సింహాలు మా ఫ్యాక్టరీకి ఎందుకొచ్చాయి

మాది బాలానగర్ వైపు నీళ్ల పంపులు చేసే ఫ్యాక్టరీ. నెలకో ఆదివారం మధ్యాహ్నం క్యాంటీన్ షెడ్డు కిటికీలకు గోనెపట్టాలు కట్టి, చీకటి చేసి, కార్మికుల కుటుంబాలకు ఉచితంగా సినిమా వేసేవాళ్లం. మొదట్లో తెలుగు సినిమాలే. కానీ మా ఫిట్టింగ్ షాపు ఒక హీరో పక్షం, ఫౌండ్రీ ఇంకో హీరో పక్షం. ఈ హీరో తెర మీదికొస్తే వాళ్లు ఈల, వీళ్లు బూతు. ఒకసారి బెంచీల కాళ్లు ఊడదీసుకుని మరీ కొట్టుకున్నారు. సోమవారం సగం ఫౌండ్రీ కట్లతో పనికొచ్చింది.

అప్పుడు యాజమాన్యం తెలివిగా ఆలోచించింది. తెలుగు వేస్తే తలలు పగులుతాయి. హిందీ వేస్తే కోస్తా నుంచి వచ్చినవాళ్లు అర్థం కాలేదంటారు. ఇంగ్లీషు వేస్తే ఎవరికీ అర్థం కాదు కాబట్టి తగాదా లేదు! సికింద్రాబాద్‌లో పాత ఇంగ్లీషు సాహస చిత్రాలు అద్దెకిచ్చేవాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల దగ్గరున్నవన్నీ అడవి సినిమాలే. మా ఫ్యాక్టరీలో శాంతి నిలబెట్టడానికి ఆఫ్రికా దిగింది.

ఆ సినిమాలు వేరువేరు పేర్లతో వచ్చేవి గానీ నాకు అన్నీ ఒకటే. గట్టి టోపీ పెట్టుకున్న తెల్లదొర ఒకడుంటాడు. బురదలో నడిచినా జాకెట్టు మాయని తెల్ల అమ్మాయి ఒకతె ఉంటుంది. నిధో, దంతాల గుట్టో ఎక్కడో ఉంటుంది. మధ్యలో డప్పులు మోగుతాయి, ఈటెలు వస్తాయి, దొర పేల్చగానే అన్నీ ఆగిపోతాయి. అంత పెద్ద ఖండంలో ఊరు లేదు, బడి లేదు, బజారు లేదు. అక్కడివాళ్లకు పేర్లు లేవు. తిండీతిప్పలూ దొర వెంటే.

దీనికి తోడు మా అప్పారావు. టైమ్ ఆఫీసులో గుమస్తా, కాకినాడ మనిషి, గొంతు గంటలా ఉంటుంది. మైకు పట్టుకుని తెలుగులో కథ చెప్పే పని అతనిది. తెర మీద ఇద్దరు మనుషులు పడవలో చేపల బుట్ట పెట్టుకుని వెళ్తుంటే, మైకులో అతను, "తల్లులారా! పిల్లల్ని ఒళ్లోకి లాక్కోండి! అదిగో వస్తున్నారు నరమాంస భక్షకులు!" అనేవాడు. షెడ్డంతా కెవ్వుమనేది. అతని కడుపు నిండేది.

నేను నాంపల్లిలో పుట్టి పెరిగినదాన్ని. నిజాం గుర్రపు దళంలో పనిచేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ మా బస్తీకి కూతవేటు దూరంలోనే ఉన్నారు. హబ్షీలనేవాళ్లం. దక్కనీ మాట్లాడతారు, మా నాన్నతో బేరమాడతారు, పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా డప్పులు వాయిస్తారు. హైదరాబాద్‌లో మర్ఫా వింటే కాలు ఆడించనివాడు లేడు. అదే మనిషి క్యాంటీన్‌లో అలాంటి డప్పే తెర మీద వినబడితే బెంచీ కింద దూరేవాడు. మూడు గంటల సినిమా మూడు తరాల ఇరుగుపొరుగును తుడిచేస్తుందా అని నేను అందరితోనూ దెబ్బలాడాను. "సినిమానే కద మేడమ్, జర నవ్వున్రి," అన్నారు. సినిమానే కదా అన్నవాళ్లే దాన్ని నమ్మారని జోసెఫ్ వచ్చాక తేలింది.

జోసెఫ్‌కు గది

జోసెఫ్ టాంజానియా కుర్రాడు. అక్కడి సముద్రపు ఒడ్డు పట్నంలో నీళ్ల శాఖ కొత్తగా పంపుల వర్క్‌షాపు పెడుతోంది. పని నేర్చుకురమ్మని అతనొక్కణ్నే ఎంపికచేసి మా దగ్గరికి పంపారు. మా అతిథిగృహానికి అప్పటికి పైకప్పు కూడా పడలేదు. షిఫ్టులు కాబట్టి నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి. మా పర్సనల్ మేనేజర్ శేషగిరిరావు గారు నాతో ఒకటే మాట చెప్పారు: "గది చూపించలేకపోతే ఢిల్లీకి రాసేసి, వెనక్కి పంపించెయ్యడమేనండి. వేరే దారి లేదు."

ఫ్యాక్టరీ పక్కనున్న బోరబండ అంతా తిరిగాను. ఒక ఇంట్లో కాఫీ ఇచ్చి మరీ, "మాకేం అభ్యంతరం లేదండి. పిల్లలున్న ఇల్లు కదండీ," అన్నారు. పిల్లలున్న ఇంట్లో అతనేం చేస్తాడని అడిగితే, "మొన్న మీ క్యాంటీన్‌లోనే చూశాం కదండీ," అన్నారు. ఇంకోచోట ముసలాయన, "గాయన రాత్రిపూట డప్పు కొడతడా?" అని నిజంగానే అడిగాడు. కొడతాడు, ముందు మీ నెత్తి మీదే కొడతాడని చెప్పి వచ్చేశాను. గది పోయిందనుకోండి, ప్రాణం కాస్త చల్లబడింది.

ఆఖరికి జోసెఫ్‌ను వెంటబెట్టుకుని యాదమ్మ గడప తొక్కాను. ఆరు బర్రెలు, మూడు కిరాయి గదులు, ఎవరినైనా నిలబెట్టి కడిగేసే నోరు. ఆదివారం మధ్యాహ్నాలు ఆమెకు దాణా పని. అందుకని మా సినిమాలు ఒక్కటీ చూడలేదు. అదే నా అదృష్టం.

"ఎవలమ్మా గీయన?" అంది జోసెఫ్‌ను పైనుంచి కిందికి చూస్తూ.

"మా ఫ్యాక్టరీల పని నేర్వనీకి వచ్చిండు యాదమ్మా. ఆఫ్రికా."

"గదెక్కడుంటది?"

"సముద్రం దాటాలె."

"గంత దూరం నుంచి పంపులు చేసుడు నేర్వనీకొచ్చిండా! మా పోరగాళ్లేమో రోడ్డు దాటి మీ గేటు కాడికి రారైరి. బర్రెలంటే భయమా అడుగు."

ఇంగ్లీషులో అడిగాను. జోసెఫ్ బర్రెల వైపు చూసి, "నాకు లేదు. నేనంటే వాటికి భయమేమో ఆమెనే అడగమనండి," అన్నాడు. తెలుగులో చెప్పగానే యాదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సరే. అమాస దాక చూస్త. మంచిగుంటే ఉంటడు, లేకుంటే పెట్టె బయట పెడత. గా ముక్క కూడా ఇంగ్లీషుల చెప్పు."

చెప్పాను. ఆ రోజు నుంచి అమావాస్య నా మెడ మీద కత్తిలా వేలాడింది.

శేషగిరిరావు గారి మర్యాద

అమ్మాయిలూ, ఒక మాట రాసిపెట్టుకోండి. చెడ్డ బాసుతో వాదించి గెలవచ్చు. మంచి బాసుతో గెలవలేరు.

శేషగిరిరావు గారు మంచివారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. ఆంధ్రా వాళ్లకు ఇల్లివ్వబోమని మావాళ్లు మొహం మీదే తలుపేసే రోజుల్లో ఆయనా గది కోసం తిరిగిన మనిషే. కాబట్టి జోసెఫ్ అంటే ఆయనకు నిజంగానే జాలి. ఆ జాలితోనే నన్ను పిలిచి, "సుగుణ గారూ, ఈ ఆదివారం ఆ అబ్బాయికి సన్మానం చేద్దామండి. దండ వేసి, ముందు వరసలో సోఫాలో కూర్చోబెట్టి, వాళ్ల ఆఫ్రికా సినిమా వేద్దాం. ప్రింటుకు చెప్పేశాను," అన్నారు.

"ఏ ఆఫ్రికా సినిమా సార్? ఆ టోపీదొరదా?"

"అదేనండి. నేను భిలాయ్‌లో ఉండగా అక్కడివాళ్లు నాకోసమని తెలుగు సినిమా తెప్పించారండి. పేర్లు పడుతుంటేనే ఏడ్చేశాను. ఈ అబ్బాయి కూడా ఇల్లూ వాకిలీ వదిలి వచ్చాడు కదా! వాళ్ల అడవీ, వాళ్ల సింహాలూ కళ్లారా చూసుకుంటాడు."

"సార్, అతనిది పట్నం. సింహాన్ని మన జూలోనే మొదటిసారి చూశాడు."

"అయితే మరీ మంచిది, కొత్తగా ఉంటుంది."

"రేపు మీరు పరాయి దేశం వెళ్తే, పాములాడించే సినిమా వేసి ఇదే మీ ఇండియా అంటే మీకెలా ఉంటుంది?"

ఆయన నిజాయితీగా ఆలోచించారు. "పాములవాళ్లు మనకు ఉన్నారు కదండీ?"

తల పట్టుకున్నాను. ఆయన ఇంకో శుభవార్త కూడా చెప్పారు. అతిథికి ఇల్లిచ్చిన మనిషి కాబట్టి యాదమ్మనూ పిలిచారట, ముందు వరసలో కుర్చీ వేయించారట. దాణా పనికి మనిషిని కూడా ఆయనే పంపుతున్నారట! సినిమా చూడని ఆ ఒక్క ఇంటినీ ఈయన చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నారు. అమావాస్య ఇంకా రానేలేదు, జోసెఫ్ పెట్టె వీధిలో ఉన్నట్టే నాకు కనబడింది.

సినిమా ఆపలేనని తేలాక అప్పారావును పట్టుకున్నాను.

"ఇవాళ నీ నరమాంసాలూ గావుకేకలూ ఒక్కటి వినబడ్డా మైకు తీగ కోసేస్తాను."

"కామెంటరీ లేని ఇంగ్లీషు సినిమా అంటే మేళం లేని పెళ్లేనండి మేడమ్. పోనీ, నోరు మూసుకోమంటారా?"

"మూసుకోవద్దు. తెర మీద కంటికి కనబడిందే చెప్పు. నీ కడుపులోంచి ఒక్క ముక్క కలపకు."

"కనబడిందే చెప్తే ఎవరు వింటారండీ?" అని మూతి ముడుచుకుని వెళ్లాడు.

కంటికి కనబడింది

షెడ్డు కిటకిటలాడింది. సాంబారు వాసన ఇంకా పోలేదు. జోసెఫ్ మెడలో బంతిపూల దండ, పక్కన యాదమ్మ పట్టుచీర. నేను గోడవారగా నిలబడి గోనెపట్టా అంచు పట్టుకున్నాను. మరీ అవసరమైతే పట్టా లాగేసి వెలుగు పడేలా చేద్దామని.

అప్పారావు అలిగిన గొంతుతో మొదలుపెట్టాడు. "టోపీ ఆయన నడుస్తున్నారు. ఆయన చేతిలో తుపాకీ ఉంది. వెనకాల వరసగా చాలామంది నడుస్తున్నారు. వాళ్ల నెత్తిన మూటలున్నాయి." కాసేపాగి, "ఇంకా నడుస్తున్నారు," అన్నాడు. ఎవరో నవ్వారు. "టోపీ ఆయన కూర్చున్నారు. అమ్మాయి గారు ఆయనకి మంచినీళ్లిచ్చారు. ఆయన తాగారు. అమ్మాయి గారూ తాగారు. బయల్దేరారు."

ముందు వరసలోంచి యాదమ్మ గొంతు లేచింది. "ఓ సారూ! మూటలోళ్లకు నీళ్లేవీ?"

అప్పారావు తెరను ఎగాదిగా చూశాడు. "ఇవ్వలేదండి."

"ఎప్పుడిస్తరు?"

"సినిమాలో ఎక్కడా ఇవ్వరండి," అన్నాడు. ఆ సినిమా మా దగ్గర అంతకుముందే ఆడింది. అతనే చెప్పాడు కథ. అన్నేళ్లలో ఆ నీళ్ల సంగతి అతనికీ తట్టలేదు, వాదించడమే పనిగా ఉన్న నాకూ తట్టలేదు.

తర్వాత కొండ అంచు దారి. ఇలాంటి సినిమాల్లో ఒక కూలీ జారి లోయలో పడక తప్పదు. పడ్డాడు. ఇదివరకైతే అప్పారావు ఇక్కడ డప్పుల సంగతి ఎత్తుకుని జనాన్ని వణికించేవాడు. ఈసారి కనబడిందే చెప్పాడు: "ఒక మనిషి పడిపోయాడు. టోపీ ఆయన లోయలోకి చూశారు. మందుల పెట్టె ఏ మూటలో ఉందని అడుగుతున్నారు. వేరే మూటలో ఉందట. అమ్మయ్య అన్నారు. ముందుకు నడుస్తున్నారు."

యాదమ్మ లేచి నిలబడింది. ఆమె నీడ సగం తెర మీద పడింది.

"మా నాయిన దొర మేనా మోసెటోడు," అంది. పక్కనున్న జోసెఫ్‌తోనే చెబుతున్నట్టుంది గానీ షెడ్డంతటికీ వినబడింది. "వెట్టి. పైస లేదు, గింజ లేదు. ఒకనాడు వాగుల కాలు జారి పడ్డడు. నడుమిరిగింది. దొర మేనాల కెల్లి తల బయట పెట్టి ఏమన్నడో ఎర్కెనా? పరుపు తడిసిందా అన్నడు."

వెనక బెంచీల్లోంచి ఒక ఫౌండ్రీ మనిషి, "గీడు గాడే!" అని తెర వైపు చెయ్యి చూపించాడు. అంతే. ఆ మాటతో టోపీ ఆయన దొరైపోయాడు. మెదక్ దొరో, నల్లగొండ దొరో, ఎవరి ఊరి దొర వాళ్లకు కనబడ్డాడు. ఈటెలవాళ్లు చెట్ల చాటు నుంచి వస్తే ఎవరూ పిల్లల్ని ఒళ్లోకి లాక్కోలేదు. ఆడవాళ్లే, "ఎయ్యి! ఎయ్యి!" అని అరిచారు. దొర పట్టుబడితే ఈలలు. తప్పించుకుంటే, "ఎవడిడిసిండు వాణ్ని?" అని తిట్లు. చివర్లో ఆయన ఏనుగు దంతాలు పడవకెత్తించుకుని వెళ్తుంటే ఫిట్టింగ్ షాపు లేచి నిలబడింది. రోజూ గేటు దగ్గర ఒక బోల్టు కోసం జేబులు తడిమించుకునే మనుషులు వాళ్లు. "వాచ్‌మెన్‌ను పిలువున్రి! తనిఖీ లేకుండ ఎట్ల పోతడు?" అని ఒకటే గోల. ఫిట్టింగ్ షాపూ ఫౌండ్రీ ఒకే పక్షాన అరవడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి, చివరిసారీ.

శేషగిరిరావు గారు రుమాలుతో మొహం తుడుచుకుంటూ నా పక్కకొచ్చారు. "వాళ్లకి బాగా నచ్చినట్టుందండీ?"

"నచ్చింది సార్," అన్నాను. పట్టా అంచు వదిలేశాను. వేళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి.

జోసెఫ్ నన్ను పిలిచి, పెద్దమ్మ ఏమంది అని అడిగాడు. మేనా సంగతి ఇంగ్లీషులో చెప్పాను. అతను దండలోని పూలు గిల్లాడు. "మా ఊళ్లో గుజరాతీ సేఠ్ హాల్లో మేమూ ఈ సినిమాలే చూశాం. టోపీ ఆయనకే చప్పట్లు కొట్టాం. ఈటెలవాళ్లు ఎక్కడివాళ్లో, మాకు సంబంధం లేదనుకున్నాం. మా హాల్లో ఇలాంటి పెద్దమ్మ ఒక్కర్తీ లేకపోయింది," అన్నాడు. అంతలోనే తేరుకుని, "అదే హాల్లో మీ హిందీ సినిమాలూ చూశాను. మీ దేశంలో వాన పడితే అందరూ పాడతారనుకున్నాను," అన్నాడు. వానకు కారే మా క్యాంటీన్ కప్పు గురించి పాడవలసిన పాటలు నా దగ్గర చాలా ఉన్నాయని చెప్పాను.

యాదమ్మ అప్పటికే వాకిట్లో ఉంది. "నడువు బిడ్డా, పాలు పిండే యాళ్లయింది," అంది అతనితో తెలుగులోనే. అతనికి ఏం అర్థమైందో గానీ వెంట నడిచాడు.

నాకు మిగిలింది

ఆ ఆదివారంతో లోకం మారిందని చెప్పను. కాఫీ ఇచ్చి గది ఇవ్వనివాళ్లు ఆ తర్వాతా ఇవ్వలేదు. యాదమ్మ కూడా జోసెఫ్‌ను వంటింటి గడప దాటనివ్వలేదు. ఆ మాటకొస్తే నన్నూ దాటనివ్వదనుకోండి. కానీ అప్పారావు మాత్రం పాత పద్ధతికి మళ్లీ పోలేకపోయాడు. మరుసటి నెల ఇంకో అడవి సినిమాలో అలవాటు కొద్దీ "తల్లులారా!" అని ఎత్తుకోగానే, "గది కాదు, మోసెటోళ్ల సంగతి చెప్పు!" అని వెనకనుంచి అరుపులు.

నేను ఆ సినిమాలను ఆపించాలని చూశాను. ఆపించి ఉంటే, అంతకుముందు చూసిన అడవే వాళ్ల కళ్లలో ఉండిపోయేది. అలాగని ఏ సినిమా వేసినా ఫరవాలేదని నేననను. నమ్మించడానికే తీసిన అబద్ధాలవి, తీసినవాళ్లకు అది తెలుసు. మీ దగ్గరికి అలాంటిది వస్తే ముందు మైకు ఎవరి చేతిలో ఉందో చూడండి. తెర మీద ఎవరు మోస్తున్నారో, నీళ్లెవరు తాగుతున్నారో చెప్పించండి. ఆ తర్వాత జనాన్ని వాళ్ల మానాన వదలండి.

అమావాస్య నాడు సాయంత్రం నేను బోరబండ వెళ్లాను. సినిమా వేళ మనసు వేరు, ఇంట్లో మనసు వేరు. పెట్టె బయట పెట్టేసి ఉంటే ఏం చెయ్యాలా అని దారంతా ఆలోచించాను. వాకిట్లో తాడు మీద యాదమ్మ చీరల పక్కనే జోసెఫ్ చొక్కాలు ఆరుతున్నాయి. యాదమ్మ మోరి కాలవ కడుగుతోంది.

"ఏంది మేడమ్, గింత పొద్దూకినంక వచ్చినవ్?"

"ఇయాల అమాస గద యాదమ్మా."

"అయితే?"

"అమాస దాక చూస్తనంటివి. గా పిలగాని సంగతి..."

చీపురు పట్టుకుని నా మొహంలోకి చూసింది. అన్న మాట ఆమెకు అసలు గుర్తే లేదు. "ఏ అమాస? గా ముచ్చట ఇడిసిపెట్టు. లోపల్నే ఉన్నడు, బర్రెకు కుడితి పెట్టిండా లేదా ఇంగ్లీషుల అడుగు."

కొట్టంలోంచి జోసెఫే కేకేశాడు, తెలుగులో: "పెట్టిన!"

తిరిగి వచ్చేటప్పుడు రావలసిన బస్సు రాలేదు. నాకు తెలిసినవాళ్లెవరూ నమ్మరు గానీ, ఆ రోజు ఎవర్నీ తిట్టకుండా ఇంటిదాకా నడిచాను.